టెక్నికల్ డైవింగ్‌కు పడవను, సిబ్బందిని ఎంచుకోవడం ఎలా?

ట్రైమిక్స్ (ఆక్సిజన్, నైట్రోజన్, హీలియం కలిపిన శ్వాసవాయువు) కోర్సు ముగించి తొలి లోతైన డైవ్‌కు సిద్ధమవుతున్నవారు నన్ను తరచూ అడిగే ప్రశ్న, ఏ మునిగిన ఓడ దగ్గరికి వెళ్లాలి అని. ఎవరి పడవ మీద వెళ్తున్నారని నేను తిరిగి అడుగుతాను. 60 మీటర్ల లోతులో 25 నిమిషాలు గడిపితే, వాడే వాయువులను బట్టి ఇంచుమించు గంటసేపు మెట్టు మెట్టుగా ఆగుతూ పైకి రావాలి. దీన్నే డీకంప్రెషన్ అంటారు, పొట్టిగా డీకో. ఆ గంటలో ఏమి జరిగినా నేరుగా పైకి తేలడానికి వీల్లేదు. అంతసేపూ మీ తరఫున చూడవలసింది, నిర్ణయించవలసింది, సాయం పిలవవలసింది పడవలో ఉన్న ఇద్దరు ముగ్గురే.

ఇక్కడ చెప్పే పద్ధతి ఇంగ్లిష్ చానల్‌లోనూ, స్కాట్లాండ్ ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లోని స్కాపా ఫ్లోలోనూ నడిచేది. నేను డైవ్ చేసేది అక్కడే. మీకు డీకంప్రెషన్ శిక్షణ ఉందనే లెక్కతో రాస్తున్నాను. అది లేనివారు ముందు ఆ శిక్షణ పూర్తిచేయాలి.

1. ముందు మీ డైవ్ లెక్కలు కాగితం మీద పెట్టండి

పడవ యజమానికి ఫోన్ చేసేముందే మూడు లెక్కలు మీ చేతిలో ఉండాలి.

సమయం: దిగింది మొదలు పైకి తేలేవరకు మొత్తం ఎన్ని నిమిషాలు? లోతు గానీ అడుగున గడిపే సమయం గానీ కొంచెం మించితే అది ఎంతవుతుంది? ఉదాహరణకు 85 నిమిషాలు అని రాసుకుంటే పక్కన 105 అని కూడా రాయండి. స్కిప్పర్‌కు, అంటే పడవ నడిపే నాయకుడికి, ఎక్కువ అవసరమైనది ఆ రెండో అంకె. అది దాటితే ఆయన వెతకడం మొదలుపెట్టాలి.

దూరం: ఒక నాట్ ప్రవాహం అంటే నిమిషానికి దాదాపు 31 మీటర్లు. నాట్‌న్నర ప్రవాహంలో గంటసేపు డీకో చేస్తే మీరు తేలేది దిగిన చోటికి 2.8 కిలోమీటర్ల అవతల. నీటిలో తల మాత్రమే పైకి ఉన్న మనిషిని, మీటరు ఎత్తు కెరటాల మధ్య, అంత దూరం నుంచి చూడగలిగే కళ్లు ఎవరికీ ఉండవు. పడవ మీ వెంటే రావాలి.

బరువు: రెండు 12 లీటర్ల ఉక్కు సిలిండర్ల ట్విన్‌సెట్, డీకో వాయువుల కోసం పక్కన తగిలించుకునే రెండు అల్యూమినియం స్టేజ్ సిలిండర్లు కలిపితే నిండుగా ఉన్నప్పుడు 75 కిలోల దాకా వస్తుంది. ఇంత మోతతో ఊగే పడవ నిచ్చెన ఎక్కగలరా అన్నది ఒక ప్రశ్న. డీకో ముగిసిన వెంటనే అంత శ్రమ చేయవచ్చా అన్నది రెండోది. చేయకూడదు. డైవ్ తరువాతి కఠిన శ్రమ డీకంప్రెషన్ జబ్బు (ఒంట్లో వాయు బుడగలు ఏర్పడి వచ్చేది) ముప్పును పెంచుతుంది.

2. ఫోన్‌లో అడగవలసినవి

ధర చివర అడగండి. ముందు ఇవి:

- పడవకు వాణిజ్య ధ్రువీకరణ ఏ తరగతిది? బ్రిటన్‌లో అద్దె డైవ్ పడవలు సాధారణంగా 12 మంది ప్రయాణికుల వరకు తీసుకెళ్తాయి. మూడో తరగతి పడవ సురక్షిత రేవు నుంచి 20 నాటికల్ మైళ్ల వరకే వెళ్లాలి, రెండో తరగతిది 60 వరకు. మీరు వెళ్లదలచిన ఓడ ఆ పరిధిలో ఉందా?
- స్కిప్పర్ కాక డెక్ మీద ఇంకెవరు ఉంటారు? ఒక్కరైనా ఉండి తీరాలి.
- పడవ లంగరు వేసి ఉంటుందా, ఇంజన్ మీద ఉండి మా వెంట వస్తుందా?
- డైవర్ లిఫ్ట్ (డైవర్‌ను నీటిలోంచి డెక్ మీదికి ఎత్తే వేదిక) ఉందా? అది చెడిపోతే ప్రత్యామ్నాయం ఏమిటి?
- అదే రోజు పడవలో వేరే బృందం ఉందా? వాళ్ల డైవ్ ఎంతసేపు?
- ఆక్సిజన్ ఎంత ఉంది? లీటర్లలో చెప్పమనండి.
- ఈ సీజన్‌లో వాతావరణం బాగాలేక ఎన్నిసార్లు రద్దు చేశారు?

చివరి ప్రశ్న నాకు చాలా ముఖ్యం. ఒక్కసారి కూడా రద్దు చేయలేదని గర్వంగా చెప్పే పడవ ఎక్కను. చానల్‌లో గాలి మారని సీజన్ ఉండదు.

వేరే బృందం సంగతీ తేలిగ్గా తీసుకోకండి. సగం మంది 30 మీటర్ల దగ్గర 40 నిమిషాల్లో ముగించి పైకి వచ్చేవారు, సగం మంది గంటన్నర నీటిలో ఉండేవారు అయితే, స్కిప్పర్ దృష్టి రెండుగా చీలుతుంది. వీలైతే పడవ మొత్తం ఒకే ప్రణాళికతో వెళ్లేలా బృందాన్ని కూర్చుకోండి.

3. రేవులో పడవను పరీక్షించండి

బయలుదేరడానికి గంట ముందు చేరుకోండి. స్కిప్పర్ అనుమతి అడిగి ఒకసారి పడవంతా తిరగండి. మంచి స్కిప్పర్ దీనికి నొచ్చుకోరు.

- లిఫ్ట్‌ను కిందికి దించి పైకి ఎత్తి చూపించమనండి. మోకాళ్ల లోతు నీటిలోకి దిగితే చాలదు. రెక్కలు తొడుక్కున్న కాళ్లతో నిలబడగలిగేంత కిందికి వెళ్లాలి.
- సిలిండర్లు కట్టడానికి బెంచీ, సాగే తాళ్లు ఉన్నాయా? ఊగే డెక్ మీద ఒరిగిన ట్విన్‌సెట్ కాలి ఎముక విరగ్గొట్టగలదు.
- స్థిరమైన వీహెచ్ఎఫ్ రేడియో, దానితోపాటు చేతిలో పట్టుకునేది ఒకటి ఉన్నాయా? అత్యవసర పిలుపులకు వాడే 16వ చానల్ తెరిచి ఉందా?
- ఎకో సౌండర్ (ధ్వనితో లోతు కొలిచేది), ప్లాటర్ (పటం మీద పడవ ఉన్నచోటు చూపేది) పనిచేస్తున్నాయా?
- నీటిలో డైవర్లున్నారని ఇతర పడవలకు తెలిపే నీలం తెలుపు రంగుల ఆల్ఫా జెండా ఉందా?
- చుక్కాని దగ్గర నిలబడితే వెనుక నీరు, లిఫ్ట్ కనిపిస్తున్నాయా? కనిపించకపోతే డెక్ సహాయకుడి సైగ మీదే అంతా ఆధారపడుతుంది.

ఇక ఆక్సిజన్. 10 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడి ఉంటే 2,000 లీటర్లు. నిమిషానికి 15 లీటర్ల చొప్పున ఇస్తే ఒకరికి 2 గంటల 13 నిమిషాలు వస్తుంది. జంటగా దిగిన ఇద్దరూ ఒకే పొరపాటు చేసి ఉంటారు కనుక ఇద్దరికీ లెక్క వేయాలి. అప్పుడు గంటా 6 నిమిషాలే. 20 మైళ్ల దూరం నుంచి 10 నాట్ల పడవ రేవు చేరడానికి 2 గంటలు. మిగతా 54 నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఈ లెక్క అక్కడే, స్కిప్పర్ ఎదుట వేయండి. డైవర్ల దగ్గర మిగిలే డీకో ఆక్సిజన్ ఉపయోగపడవచ్చు గానీ, దాన్ని మొదటి ఆధారంగా లెక్కలో వేసుకోవద్దు.

రాత్రి పడవలోనే బస చేసే యాత్ర అయితే మరో రెండు విషయాలు చూడండి. రాత్రంతా మేలుకొని తిరిగే కాపలా మనిషి ఉన్నారా? నిద్రించే గది నుంచి బయటపడడానికి రెండు దారులున్నాయా? 2019 సెప్టెంబరు 2న కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవ్ పడవ తగలబడి 34 మంది చనిపోయారు. ఆ రాత్రి కాపలా తిరిగేవారు లేరు. బ్యాటరీల చార్జింగ్ ఎక్కడ పెడతారో, ఎవరు గమనిస్తారో అడగండి.

4. సిబ్బందిని గుర్తుపట్టడం

పరికరాలు కొనవచ్చు, అలవాట్లు కొనలేం. సిబ్బంది ఎలాంటివారో తాడు విసిరే తీరులో, ప్రశ్నకు జవాబిచ్చే తీరులో అరగంటలో తెలిసిపోతుంది.

ఒకసారి చానల్‌లో నేను దూకడానికి పడవ అంచున నిలబడి ఉన్నాను. డెక్ సహాయకురాలు నా ఎడమ వైపు స్టేజ్ సిలిండర్ మీద చూపు నిలిపింది. రెగ్యులేటర్ గొట్టం పట్టీలోంచి జారి నా తొడ వెనుక వేలాడుతోంది. ఆమె ఏమీ అనకుండా మోకాలి మీద కూర్చుని, దాన్ని లాగి పట్టీలో దోపి, నా భుజం మీద రెండుసార్లు తట్టింది. 21 మీటర్ల దగ్గర వాయువు మార్చుకునే వేళ ఆ గొట్టం కోసం నేను చీకట్లో తడుముకోలేదంటే కారణం ఆమె.

గమనించవలసినవి:

- డైవర్లు నీటిలో ఉండగా ఎవరో ఒకరి కళ్లు ఎప్పుడూ నీటి మీదే ఉంటున్నాయా?
- ఎవరు ఎన్ని గంటలకు దిగారో పేరుపేరునా రాస్తున్నారా?
- స్కిప్పర్‌కు ఏమైనా అయితే పడవ నడిపి, రేడియోలో మాట్లాడగలిగే రెండో మనిషి ఉన్నారా?
- ఆక్సిజన్ కిట్ ఎక్కడుందని అడిగితే ఆలోచించకుండా చూపించగలుగుతున్నారా?

5. ముందు రోజు పని

ప్రతి సిలిండర్ మీద వాయువు మిశ్రమం, వాడగల గరిష్ఠ లోతు పెద్ద అక్షరాలతో రాయండి. 50 శాతం నైట్రాక్స్ (సగం ఆక్సిజన్ ఉన్న వాయువు) మీద 21, శుద్ధ ఆక్సిజన్ మీద 6 అని దూరం నుంచి కూడా చదవగలిగేలా ఉండాలి.

ఒక పట్టిక తయారుచేసి స్కిప్పర్‌కు ఇవ్వండి. అందులో జంటల పేర్లు, మొత్తం సమయం, గరిష్ఠ పరిమితి, బోయాల (కింది నుంచి పైకి వదిలే గుర్తు సంచుల) రంగులు, ఎవరు రీబ్రీదర్ (విడిచిన ఊపిరినే శుద్ధిచేసి తిరిగి ఇచ్చే పరికరం) వాడుతున్నారు, అత్యవసరంలో ఎవరికి ఫోన్ చేయాలి అనేవి ఉండాలి. రీబ్రీదర్ సంగతి తప్పక చెప్పాలి. వాళ్ల బుడగలు పైకి అంతగా రావు. బుడగలు కనిపించడం లేదని పడవలో కంగారు పడకూడదు, బుడగల్ని నమ్ముకుని వెతకనూ కూడదు.

ఆటుపోట్ల పట్టిక చూసుకోండి. పంచాంగం చూసే అలవాటున్నవారికి ఇది సులువు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు ఆటుపోట్లు బలంగా ఉంటాయి, నీరు నిలకడగా ఉండే వేళ కుంచించుకుపోతుంది. అష్టమి దాటాక ఆ వేళ కొంత సాగుతుంది. చానల్‌లో తొలి లోతైన డైవ్‌లు ఆ రోజులకే పెట్టుకోండి. స్కాపా ఫ్లో చుట్టూ దీవులున్న సహజ రేవు కనుక ప్రవాహం బలహీనం. అక్కడి పెద్ద జర్మన్ యుద్ధనౌకలు (బ్యాటిల్‌షిప్‌లు) 38 నుంచి 45 మీటర్ల అడుగున ఉన్నాయి. పడవతో కలిసి పనిచేయడం నేర్చుకోవడానికి నేను ముందు అక్కడికే వెళ్లమంటాను.

6. బయలుదేరే ముందు సైగల ఒప్పందం

డీకోలో ఉన్న డైవర్ పైవారితో మాట్లాడేది బోయాతోనే. బోయా అంటే దారపు చుట్టకు కట్టి, గాలి నింపి పైకి వదిలే పొడవైన సంచి. దాని అర్థం అందరికీ ఒకటే కావాలి. బ్రిటన్‌లో ఎక్కువగా నడిచే ఒప్పందం ఇది:

- ఎరుపు లేదా నారింజ రంగు బోయా: అంతా బాగుంది, కొట్టుకుపోతూ డీకో చేస్తున్నాను.
- పసుపు బోయా: కష్టంలో ఉన్నాను. దానికి కట్టిన పలక చదవండి, వాయువు పంపండి.

ఈ రంగులు అన్నిచోట్లా ఒకటే అనుకోవద్దు. కొందరు అసలు పసుపు బోయానే మామూలుగా వాడతారు. ప్రతి యాత్రలో గట్టిగా చెప్పుకోండి. బోయా మీద మీ పేరు రాసి ఉండాలి.

పసుపు బోయా వస్తే పడవ నుంచి ఏ సిలిండర్ వెళ్తుంది, ఎవరు తీసుకెళ్తారు అన్నదీ అప్పుడే తేల్చండి. అదనపు డీకో సిలిండర్ రెగ్యులేటర్ బిగించి, తాడు కట్టి డెక్ మీద సిద్ధంగా ఉండాలి.

7. షాట్ లైన్, దిగడం

షాట్ లైన్ అంటే కింద బరువు, పైన తేలే బంతితో మునిగిన ఓడ మీదికి వేసే తాడు. అది ఓడ మీద పడిందా, పక్కన ఇసుకలో పడిందా అన్నది స్కిప్పర్ నైపుణ్యానికి అసలు పరీక్ష. ఎకో సౌండర్ తెర మీద అడుగు గీత ఒక్కసారి ఎగసిన చోట వేయాలి. వేశాక పైబంతి ప్రవాహానికి జరిగిపోతుంటే బరువు ఈడ్చుకుపోతోందన్నమాట. మళ్లీ వేయమని అడగడానికి మొహమాటపడకండి.

దూకే వేళ నిర్ణయించేది స్కిప్పరే. ఆయన చెప్పేసరికి మీరు పూర్తిగా సిద్ధమై కూర్చోవాలి. నిలకడ వేళలో పది నిమిషాలు మీ మాస్కు వెతుక్కోవడానికి పోతే, చివరి జంట ప్రవాహంలో తాడు పట్టుకుని వేలాడుతుంది.

దూకడానికి ముందు ఇంజన్ న్యూట్రల్‌లో ఉందని స్కిప్పర్ నోటితో చెప్పాలి. అప్పటిదాకా కాలు కదపవద్దు.

8. డీకో వేళ: పడవ అసలు పని ఇక్కడే

రెండు పద్ధతులున్నాయి.

మొదటిది విడివిడిగా రావడం. ప్రతి జంట తన బోయా వదిలి కొట్టుకుపోతుంది, పడవ అన్ని బోయాల్నీ కాస్తుంది. ఆరుగురు జంటలుగా మూడు బోయాలు వదిలితే సరే. జంటలు ఎక్కువై, అడుగు నుంచి వేర్వేరు వేళల్లో బయలుదేరితే, మొదటి బోయాకూ చివరి బోయాకూ మధ్య మైలు దూరం ఏర్పడుతుంది. మంచు కమ్మితే ఏ స్కిప్పర్ చేతిలోనూ ఏమీ ఉండదు.

రెండోది ట్రపీజ్. రెండు మూడు బంతుల కింద 6, 9 మీటర్ల దగ్గర అడ్డకడ్డీలు వేలాడదీసి, ఒక కలుపు తాడుతో దాన్ని షాట్ లైన్‌కు కడతారు. అందరూ షాట్ లైన్ వెంటే తిరిగివచ్చి ట్రపీజ్‌కు చేరాక కలుపు తాడు విప్పుతారు. బృందమంతా ఒక్కచోటే కొట్టుకుపోతుంది, స్కిప్పర్ కాయవలసింది ఒక్క గుర్తును. నలుగురి కంటే ఎక్కువ మంది ఉంటే నా ఓటు దీనికే.

ట్రపీజ్ పనిచేయాలంటే క్రమం తప్పకూడదు:

1. దిగేటప్పుడు ప్రతి డైవర్ కలుపు తాడు దగ్గర తన పేరున్న బిళ్ల తగిలించాలి.
2. తిరిగివచ్చేటప్పుడు తన బిళ్ల తానే తీసుకోవాలి. ఇంకొకరిది తీయకూడదు.
3. బిళ్లలేవీ మిగలలేదని చూసిన చివరి జంట తాడు విప్పాలి.
4. బిళ్ల మిగిలి ఉంటే ముందే ఒప్పుకున్న నిమిషం దాకా ఆగాలి. ఆ నిమిషం రాగానే, బిళ్ల ఉన్నా సరే, విప్పాలి. ప్రవాహం పెరిగాక కట్టేసి ఉన్న ట్రపీజ్ మీద డీకో లోతు నిలుపుకోలేరు.
5. షాట్ లైన్ దొరకనివారు వెతుకుతూ కూర్చోకుండా అడుగు నుంచే తమ బోయా వదిలి పైకి బయలుదేరాలి. విడిగా ఒక బోయా కనిపించగానే పడవలో ఆ జంట పేరు రాసుకోవాలి.

నాలుగో అంశం దగ్గర చాలామంది జంకుతారు. మనిషిని వదిలి వెళ్తున్నట్టు అనిపిస్తుంది. అతడి దగ్గర బోయా ఉంది, పైన అతడి కోసం చూసే పడవ ఉంది అన్న నమ్మకం మీదే ఆ తాడు విప్పగలం.

9. పైకి తేలాక

పడవ వైపు ఈదకండి. చేయి తల మీద పెట్టి బాగున్నానని సైగ చేసి, ఉన్నచోటే ఆగండి. పడవే మీ దగ్గరికి వస్తుంది. స్కిప్పర్ ఇంజన్ న్యూట్రల్ చేసి పిలిచాకే లిఫ్ట్ వైపు కదలండి.

లిఫ్ట్ మీద మధ్యలో నిలబడి, రెండు చేతులతో కడ్డీలు పట్టుకోండి. మాస్కు, రెగ్యులేటర్, రెక్కలు తీయవద్దు. డెక్ మీదికి రాగానే సహాయకుడు మిమ్మల్ని పట్టుకుని బెంచీ దాకా నడిపిస్తారు. సిలిండర్లు ఆయనే విప్పుతారు. ఆ పది నిమిషాలు ఊరికే కూర్చోండి.

అందరూ ఎక్కాక పేర్లు పిలవాలి, ఎవరిది వారే పలకాలి. తలలు లెక్కపెట్టడం చాలదు. 1998 జనవరిలో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఇద్దరు అమెరికన్ డైవర్లను వదిలేసి పడవ ఒడ్డుకు వచ్చేసింది. ఆ ఇద్దరూ లేరని రెండు రోజుల తరువాత గానీ తెలియలేదు. వాళ్లు మళ్లీ కనిపించలేదు.

10. ప్రమాదం జరిగితే

ఒకరు డీకో వదిలేసి తేలారనుకోండి. మిగతావారు ఇంకా నీటిలోనే ఉన్నారు. పడవ వాళ్లను వదిలి రేవుకు పరుగెత్తడానికి వీల్లేదు. అందుకే డెక్ మీద రెండో మనిషి ఉండాలని అంతగా చెప్పాను.

1. బాధితుణ్ని లిఫ్ట్ మీదుగా ఎక్కించి వెల్లకిలా పడుకోబెట్టి, 100 శాతం ఆక్సిజన్ పెట్టండి. లక్షణాల కోసం ఎదురుచూడవద్దు.
2. స్కిప్పర్ వెంటనే 16వ చానల్‌లో కోస్ట్‌గార్డ్‌కు చెప్పాలి. నీటిలో ఇంకా ఎంతమంది ఉన్నారు, వాళ్లు ఎన్ని నిమిషాల్లో వస్తారు అన్నదీ చెప్పాలి.
3. జంటలోని రెండోవారిదీ అదే డైవ్. వారికీ లక్షణాలు రావచ్చు. ఇద్దరినీ కలిపి పంపండి, డైవ్ కంప్యూటర్లు కూడా వెంట పంపండి.
4. హెలికాప్టర్ వస్తుంటే డెక్ మీద వదులుగా ఉన్నవన్నీ కట్టేయండి. పైనుంచి దించే తాడును పడవకు కట్టకూడదు. హెలికాప్టర్ తీగ నీటినో డెక్‌నో తాకి, దానిలోని స్థిర విద్యుత్తు పోయాకే పట్టుకోవాలి.

11. తరచూ జరిగే తప్పులు, సవరణలు

ప్రణాళిక మార్చి స్కిప్పర్‌కు చెప్పకపోవడం: దూకే ముందు ఐదు నిమిషాలు పెంచినా పట్టికలో దిద్దించండి.

బోయా 6 మీటర్ల దగ్గర వదలడం: అప్పటికే పడవ మిమ్మల్ని వెతకడం మొదలుపెట్టి ఉంటుంది. షాట్ లైన్ వదిలిన లోతు నుంచే వదలండి. అంత పొడవు దారం మీ చుట్టలో ఉండాలి.

రద్దు చేసిన స్కిప్పర్ మీద ఒత్తిడి తేవడం: సెలవు పెట్టి, హీలియంకు డబ్బు పోసి వచ్చాం కదా అని బతిమాలేవారిని చూశాను. నీటిలో కెరటం తల మీది నుంచి పోతుంటే లిఫ్ట్ కింద ఎలా నిలబడతారో ఒక్కసారి ఊహించుకోండి. నింపిన హీలియం సిలిండర్‌లోనే ఉంటుంది, మరో వారం పనికొస్తుంది.

12. విశాఖలో చేపల పడవ అద్దెకు తీసుకుంటే?

రుషికొండ వైపు స్కూబా నేర్చుకుని, మరపడవ మాట్లాడుకుని లోతుకు వెళ్లవచ్చా అని అడిగేవారున్నారు. మన సరంగుకు సముద్రం తెలిసినంతగా నాకు తెలియదు, ఆ విషయంలో సందేహం లేదు. కానీ వలలకోసం కట్టిన పడవకు లిఫ్ట్ ఉండదు, అంచు ఎత్తు, ప్రొపెల్లర్ దగ్గర మనుషులుంటారన్న ఆలోచనతో దాన్ని నడిపే అలవాటు ఉండదు. డీకో డైవ్‌కు దాన్ని వాడవద్దు.

అలవాటు చేయడానికి మాత్రం ఒక దారి ఉంది. డీకో అవసరం లేని 15, 18 మీటర్ల డైవ్‌లతో మొదలుపెట్టండి. సరంగును, ఆయన కళాసీలను కూర్చోబెట్టి బోయాల రంగులు, న్యూట్రల్ నియమం, పేర్ల పట్టిక చెప్పండి. దృఢమైన నిచ్చెన చేయించండి. నీటిలోనే సిలిండర్లు విప్పి తాడుకు తగిలించి పైకి లాగే పద్ధతి ఒడ్డు దగ్గర సాధన చేయండి. ప్రతిసారీ ఒక బోయా వదిలి, పడవ దాన్ని ఎన్ని నిమిషాల్లో గుర్తుపట్టిందో రాసిపెట్టుకోండి.